ధర్మాసుపత్రి కాదు, మన డబ్బుతో నడిచే ఆసుపత్రి

(అంబేద్కర్ జయంతి సందర్భంగా కోనసీమలోని ఒక మండల కేంద్రంలో కూలీలు, ఉద్యోగులు, విద్యార్థులు కూడిన సభలో ఒక రిటైర్డ్ ఫార్మసిస్టు చేసిన ఉపన్యాస పాఠం. మాట్లాడిన తీరులోనే అచ్చు వేస్తున్నాం.)



నేను ఉపన్యాసకుణ్ని కాదు. ముప్పై ఏళ్లు ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో మాత్రలు లెక్కపెట్టి చీటీలో చుట్టి ఇచ్చినవాణ్ని. ఇవాళ నేను చెప్పేది ఒక జవాబు. ఇరవై ఏళ్ల కిందట చెప్పాల్సింది, అప్పుడు చెప్పలేకపోయాను.

సంగతేంటంటే, ఒకరోజు మాదిగపేట నుంచి ఒక ముసలమ్మ బీపీ మాత్రల కోసం వచ్చింది. నెలకి సరిపడా ఇవ్వాలి. స్టాకు లేక పది రోజులకే ఇచ్చాను. ఆమె ఆ పది మాత్రలూ కళ్లకద్దుకుని, "ధర్మాసుపత్రి బాబూ, మీ ధర్మమా అని బతుకుతున్నాను" అని నాకు దణ్ణం పెట్టింది. పక్క బెంచీ మీద ఊళ్లో మోతుబరి ఒకాయన కూర్చున్నాడు. ఆయన నవ్వి, "మీకేంటే, అన్నీ ఉచితం. పన్నులు కట్టేది మేమూ, తినేది మీరూ" అన్నాడు. ముసలమ్మ తల దించుకుంది. నేనూ దించుకున్నాను. నాది ఉద్యోగ భయం. ఆమెది తరాల భయం.

ఆ మాట మీలో చాలామంది విని ఉంటారు. బస్సులో వింటాం, ఆఫీసులో వింటాం, రేషను షాపు దగ్గర వింటాం. పన్ను ఎవడు కడుతున్నాడు, వైద్యం ఎవడికి ఎంతకి దొరుకుతోంది? ఈ రెండు లెక్కలూ ఇవాళ ఒకచోట పెట్టి చూద్దాం.

పన్ను కట్టేది ఎవరు?

ముందు ఆ మోతుబరి లెక్క చూద్దాం. ఆయనకి పదిహేనెకరాల కొబ్బరితోట. వ్యవసాయ ఆదాయం మీద ఈ దేశంలో కేంద్రం ఆదాయపు పన్ను వెయ్యదు. కొబ్బరికాయల మీద ఎన్ని లక్షలొచ్చినా ఆయన రూపాయి కట్టక్కర్లేదు. చిన్నరైతు మీద పన్ను వెయ్యమని నేననడం లేదండి. పన్ను కట్టనివాడు, కట్టేవాణ్ని పట్టుకుని "నువ్వు తింటున్నావు" అనడం ఏం న్యాయం అంటున్నాను. ఉద్యోగస్తుల సంగతి చూస్తే, 2025-26 నుంచి కొత్త పద్ధతిలో ఏడాదికి 12 లక్షల దాకా ఆదాయపు పన్ను పడకుండా రిబేటు ఇచ్చారు. నెలకి లక్ష తెచ్చుకునేవాడికి ఆ పన్ను సున్నా.

ఇప్పుడు ముసలమ్మ లెక్క. ఆమె సబ్బు కొంటుంది, కొబ్బరినూనె కొంటుంది, మనవడికి బిస్కెట్లు కొంటుంది. అప్పట్లో వ్యాట్, అంతకుముందు అమ్మకం పన్ను, 2017 జూలై 1 నుంచి జీఎస్టీ. తలనూనె మీద, సబ్బు మీద, బిస్కెట్ల మీద 2025 సెప్టెంబరు 22 దాకా 18 శాతం వసూలు చేసి, ఆ రోజు నుంచి 5 శాతానికి దింపారు. ఎనిమిదేళ్లు 18 చొప్పున లాగినదాన్ని ఎవరూ తిరిగివ్వలేదు. మీ జేబుల్లో సెల్‌ఫోన్లున్నాయి గదా. 299 రూపాయల రీఛార్జి చేయిస్తే అందులో దగ్గరదగ్గర 46 రూపాయలు పన్నే. జూబ్లీహిల్స్ మేడలో ఉన్నవాడు అదే రీఛార్జి చేయించుకుంటే వాడూ ఆ 46 రూపాయలే కడతాడు. మీకది ఒక పూట కూలిలో ముక్క. వాడికి కారు తలుపు తీసినవాడికిచ్చే టిప్పు.

ఆఖరికి మందుబిళ్లలు కూడా. ఎక్కువ మందుల మీద 12 శాతం జీఎస్టీ ఉండేది. 2025 సెప్టెంబరులోనే దాన్ని 5 చేశారు. అంటే జబ్బుపడ్డవాడు కూడా పన్ను కట్టి జబ్బు నయం చేసుకోవాల్సిందే.

జీఎస్టీ దేశమంతా ఒకటే. పెట్రోలు, డీజిలు, మద్యం మాత్రం దాని బయట ఉన్నాయి. వాటి మీద ఏ రాష్ట్రం పన్ను ఆ రాష్ట్రానిదే. ఇది మన కోనసీమవాళ్లకి ఎవరూ పుస్తకం తీసి చెప్పక్కర్లేదు. ఎదుర్లంక దగ్గర బాలయోగి పేరు పెట్టిన వంతెన దాటితే యానాం. అది పుదుచ్చేరి పాలనలో ఉంది. గోదారి అదే, నేల అదే, బంకులో రేటు మాత్రం వేరు. మన వైపు పెట్రోలు మీద 31 శాతం వ్యాట్, పైన లీటరుకి 4 రూపాయలు, రోడ్డు సెస్సు ఇంకో రూపాయి. తెలంగాణలో 35.2 శాతం. బండి ఉన్నోడు యానాం వెళ్లి పోయించుకుంటాడు. ఆటో ఎక్కేవాళ్లు ఏ బంకు ఎంచుకుంటారు? ఆటో చార్జీలోనే ఆ పన్ను కూడా కట్టేస్తారు.

ఇక మద్యం. నేను తాగుడు మంచిదనడానికి రాలేదు. సర్కారు లెక్క చెప్తున్నాను. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు మొదలుపెట్టిన సారా పోరాటం రాష్ట్రాన్ని ఊపింది. 1993 అక్టోబరు 1 నుంచి సారా ఆగింది. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది. రెండేళ్లు తిరిగేసరికి, ఖజానాకి లోటు అని 1997లో ఎత్తేశారు. ఈ మధ్యలో 1996లో రెండు రూపాయల బియ్యాన్ని మూడున్నర చేశారు. గమనించండి. మగాడు తాగినప్పుడు పేట సొమ్ము ఖజానాకి పోయింది. తాగడం ఆగినప్పుడు కూడా, బియ్యం రేటు పెంచి పేట సొమ్మే తీశారు.

ఇదీ మన పన్ను రసీదు. మనకి రసీదు ఇవ్వరు గనక మనం కట్టలేదనుకుంటారు. మనమూ కట్టలేదనే అనుకుంటాం. అసలు మోసం అక్కడుంది.

బాబాసాహెబ్ దీన్నే చదివాడు

బాబాసాహెబ్‌ని మనం రాజ్యాంగం పుస్తకం చేతిలో పట్టుకున్న విగ్రహంగా చూస్తాం. ఆయన మొదట చదివింది ఆర్థికశాస్త్రం. కొలంబియా విశ్వవిద్యాలయంలో డాక్టరేటు కోసం చేసిన పరిశోధన 1925లో పుస్తకంగా వచ్చింది. ఆ పుస్తకం దేని మీదో తెలుసా? బ్రిటిష్ ఇండియాలో ఏ పన్ను కేంద్రానికి, ఏ పన్ను రాష్ట్రాలకి, ఎవరు వసూలు చేసి ఎవరు ఖర్చుపెట్టారు అనే విషయం మీద. అంటరానివాడని నీళ్లకుండ ముట్టనివ్వని కుర్రాడు ఖజానా కుండలో చెయ్యిపెట్టి లెక్కలు తీశాడు. 1927లో బొంబాయి శాసనమండలిలో బడ్జెట్టు మీద మాట్లాడుతూ ఒక సూటి మాట అడిగాడు. సంపాదన లేని ఏడాది ఆదాయపు పన్ను కట్టక్కర్లేదు గదా, మరి పంట పోయినా పండినా పేదరైతు భూమిశిస్తు ఎందుకు కట్టాలి అని. 1928లో ఆడకూలీల ప్రసూతి సెలవు బిల్లుని బలపరిచాడు. పన్ను, వైద్యం, ఈ రెండూ ఆయనకి ఒకే న్యాయంలో రెండు ముక్కలు.

జయంతి నాడు దండలేసి ఇంటికెళ్లిపోతే ఆయన లెక్కల పుస్తకాన్ని మనం మూసేసినట్టే.

దూరం కూడా పన్నే

పన్ను ప్రతి గుడిసెకీ ఒకే దారిన వస్తుంది. వైద్యం అలా రాదు. అది ఎక్కడున్నావని అడుగుతుంది, ఎవరని అడుగుతుంది.

మా చిన్నాన్న కూతురిది గోదారి లంకలో ఇల్లు. శ్రావణంలో నీళ్లు పొంగిన రోజుల్లో రాత్రిపూట ఆమెకి నొప్పులొచ్చాయి. 108 బండి ఒడ్డు దాకానే వస్తుంది, లంకలోకి రాదు. పడవవాణ్ని లేపి, అడిగినంతా ఇచ్చి, రేవు దాటించారు. ఆ పడవ ఒడ్డు చేరేసరికి బండి ఇంకో కేసుకి వెళ్లిపోయింది. ఆటో మాట్లాడారు. దగ్గర్లోని ఆసుపత్రిలో మత్తు డాక్టరు లేడు, పెద్దాసుపత్రికి పొమ్మన్నారు. దారిలో భయపడి ప్రైవేటు నర్సింగ్‌హోములో దించేశారు. బిడ్డ దక్కింది. చెవికమ్మలు పోయాయి, అప్పు మిగిలింది. సర్కారు కాగితం మీద ఆ కాన్పు ఉచితం. పడవ, ఆటో, నర్సింగ్‌హోము, వడ్డీ, మొగుడు పోగొట్టుకున్న పది రోజుల కూలి ఏ కాగితంలోనూ ఉండవు. మెట్ట మీద రంపచోడవరం, చింతూరు వైపు వెళ్తే పడవ బదులు డోలీ ఉంటుంది. అంతే తేడా.

2017-18 జాతీయ నమూనా సర్వేలో తేలిన లెక్క వినండి. కాన్పులు కాకుండా, ఒకసారి ఆసుపత్రిలో చేరితే సగటున సర్కారు ఆసుపత్రిలో అయిన ఖర్చు 4,452 రూపాయలు. ప్రైవేటులో 31,845. ఏడు రెట్లు. సర్కారు ఆసుపత్రి అందుబాటులో లేదంటే, మన నెత్తిన ఈ ఏడు రెట్లు పడ్డట్టే. దీన్ని నేను దూరం పన్ను అంటాను.

ఈ దూరం దేవుడు పెట్టింది కాదు. నేను మూడు ఆరోగ్య కేంద్రాల్లో పనిచేశాను. మూడూ ఊరి నడిబొడ్డున, పెద్దకులాల వీధిలోనే ఉన్నాయి. పేట నుంచి అక్కడికి అర మైలే. ఆ అర మైలు నడవడానికి మనవాళ్లకి ఎన్ని తరాలు పట్టిందో మీకు తెలుసు. 11 రాష్ట్రాల్లో 565 గ్రామాల్లో తిరిగి అంటరానితనం మీద చేసిన సర్వే 2006లో పుస్తకంగా వచ్చింది. మూడింట ఒక వంతు గ్రామాల్లో ఆరోగ్య కార్యకర్తలు దళితుల ఇళ్లకి వెళ్లడానికి ఒప్పుకోలేదని అందులో తేలింది. జీఎస్టీ మాత్రం ఏ ఇంటి గడపనీ మైల అనుకోదు.

దీని ఫలితం ఏంటో ఐక్యరాజ్యసమితి మహిళా విభాగం 2018లో చెప్పింది. 2004-05 సర్వే లెక్కల ప్రకారం, చనిపోయేనాటికి దళిత స్త్రీల సగటు వయసు 39.5 ఏళ్లు. పెద్దకులాల స్త్రీలకి 54.1. తేడా 14.6 ఏళ్లు. అక్కలారా, మనకి రావాల్సిన పన్ను బాకీ ఎంతంటే, పద్నాలుగున్నర ఏళ్ల బతుకు.

రాష్ట్రం మారితే

పక్క రాష్ట్రాలు చూద్దాం. తమిళనాడు 1994లో మందులు కొనడానికి ఒక కార్పొరేషన్ పెట్టింది. రాష్ట్రానికంతటికీ ఒకేచోట టోకున కొని, సర్కారు ఆసుపత్రులకి పంపి, ఉచితంగా ఇస్తోంది. రాజస్థాన్ మనకన్నా ధనిక రాష్ట్రమేం కాదు. అది కూడా 2011 అక్టోబరు 2 నుంచి ఉచిత మందుల పథకం పెట్టింది. 2023లో ఆరోగ్య హక్కు చట్టమే చేసింది. టోకున కొంటే మందు ఎంత చవకో నాకు తెలుసు, స్టాకు రిజిస్టరు రాసినవాణ్ని. అసలు ధర మాత్రది కాదు, మధ్యలో ఉన్నవాళ్లది.

మనం ఏం చేశాం? 2007లో ఆరోగ్యశ్రీ పెట్టాం. దాన్ని నేను తీసిపారెయ్యను. గుండె ఆపరేషను ముఖం చూడని పేటలు ఆ కార్డుతో చూశాయి. 2023 డిసెంబరులో ఆంధ్రలో పరిమితి 25 లక్షలు చేశారు, అదే నెలలో తెలంగాణలో 10 లక్షలు. ఒకే పెనుగులాటలో పుట్టిన కార్డుకి కృష్ణకి ఇటు ఒక విలువ, అటు ఒక విలువ. పోనీ అంకె పెద్దదే అనుకుందాం. సర్కారు బకాయిలు కట్టలేదని ప్రైవేటు ఆసుపత్రులు సేవలు ఆపడం 2025లో రెండు రాష్ట్రాల్లోనూ చూశాం. కార్డు మీద 25 లక్షలుంటే ఏం, తలుపు తియ్యకపోతే? పైగా పేదవాడి జేబు ఖాళీ చేసేది ఎక్కువగా ఆపరేషను కాదు, నెలనెలా షుగరు మాత్ర, బీపీ మాత్ర, రక్తపరీక్ష, స్కానింగు.

హద్దు గీతకి ఎంత బలముందో 2021 మేలో తెలిసింది. కరోనా రెండోసారి విరుచుకుపడ్డప్పుడు హైదరాబాదుకి వెళ్తున్న ఆంధ్ర అంబులెన్సుల్ని తెలంగాణ సరిహద్దులో ఆపేశారు. మే 14న హైకోర్టు ఆ ఉత్తర్వుని నిలిపేసింది. హైదరాబాదు పెద్దాసుపత్రులు 23 జిల్లాల పన్నులతో పెరిగాయి. ఆ పన్నుల్లో శ్రీకాకుళం కూలీది ఉంది, పాలమూరు కూలీది ఉంది. గీత దగ్గర ఆక్సిజన్ సిలిండరు పట్టుకుని కూర్చున్నవాడికి ఆ లెక్క ఎవరు చెప్తారు?

దేశం మారితే

మన పేటల నుంచి ఎందరో ఆడపడుచులు కువైట్ వెళ్లారు. అక్కడ ఆదాయపు పన్ను లేదు. మంచిదే అనుకుంటాం. 2017 అక్టోబరులో విదేశీయులకి సర్కారు ఆసుపత్రుల రుసుములు పెంచారు. 2022 డిసెంబరులో మందుల కోసం క్లినిక్కులో 5 దినార్లు, ఆసుపత్రిలో 10 దినార్లు పెట్టారు. ఆ దేశపు పౌరులకి అది లేదు. పని మనది, పౌరసత్వం వాళ్లది. ఇక్కడ మనకి పౌరసత్వం ఉంది. అయినా ఆసుపత్రి గుమ్మంలో మన పరిస్థితి వాళ్లకన్నా ఏం గొప్పగా ఉందో మీరే చెప్పండి.

బ్రిటన్‌లో 1948 జూలై 5న అందరికీ వైద్యం మొదలైంది. దాన్ని ధర్మం అని ఎవరూ అనరు. పన్నుల డబ్బుతో నడుస్తుంది, హక్కుగా తీసుకుంటారు. అక్కడా చోటుని బట్టి తేడా ఉంది. ఇంగ్లండులో మందుచీటీకి రుసుముంది, 2024లో అది 9 పౌండ్ల 90 పెన్నీలు అయింది. పక్కనే వేల్సులో 2007 నుంచి, స్కాట్లండులో 2011 నుంచి రూపాయి లేదు. మన పిల్లలు చదువుకని వెళ్తే మాత్రం వీసాతోపాటే ఆరోగ్య రుసుము ముందే కట్టాలి. 2024 ఫిబ్రవరి నుంచి విద్యార్థికి ఏడాదికి 776 పౌండ్లు.

అమెరికాలో టెక్సాస్ రాష్ట్రం ఉంది. మన తెలుగువాళ్లు డాలస్‌లో చాలామంది ఉన్నారు. అక్కడ రాష్ట్రపు ఆదాయపు పన్ను లేదు. అమెరికాలో ఆరోగ్య బీమా లేనివాళ్ల శాతం అన్నిటికంటే ఎక్కువున్న రాష్ట్రం కూడా అదే. 2010లో చేసిన చట్టం ప్రకారం పేదల వైద్య పథకాన్ని పెంచుకోవచ్చని చెప్తే, 2025 నాటికి కూడా 10 రాష్ట్రాలు పూర్తిగా ఒప్పుకోలేదు. అందులో టెక్సాస్, మిసిసిపీ, అలబామా, జార్జియా ఉన్నాయి. నల్లవాళ్లు బానిసలుగా పత్తి ఏరిన నేలలవి. పన్ను తక్కువ అని చెప్పే చోట ఎవరి ప్రాణం చవకో చూసుకోండి. అందుకే అక్కడ బ్లాక్ పాంథర్లు తుపాకీ పట్టడంతో ఆగలేదు, ఉచిత క్లినిక్కులు పెట్టారు. నల్లవాళ్లలో ఎక్కువగా వచ్చే సికిల్ సెల్ రక్తజబ్బుకి 1971లో వాళ్లే పరీక్షలు మొదలుపెట్టారు. వాళ్లని చూసి 1972లో బొంబాయిలో దళిత్ పాంథర్స్ పుట్టింది. పేరు తెచ్చుకున్నాం. క్లినిక్కు తెచ్చుకోవడం మాత్రం మరిచిపోయాం.

మన డబ్బు ఎటు పోతోంది?

రాజ్యాంగం ప్రకారం ఆసుపత్రులు రాష్ట్రాల బాధ్యత. కేంద్రం వసూలు చేసిన పన్నుల్లో పంచాల్సిన మొత్తంలో 41 శాతం రాష్ట్రాలకివ్వాలని 15వ ఆర్థిక సంఘం చెప్పింది. కాని సెస్సుల్లో రాష్ట్రాలకి వాటా లేదు. 2018 నుంచి ఆదాయపు పన్ను మీద 4 శాతం సెస్సు వేస్తున్నారు. దాని పేరేంటో తెలుసా? ఆరోగ్య, విద్యా సెస్సు. ఆసుపత్రి రాష్ట్రానిది, ఆరోగ్యం పేరుతో వసూలు చేసిన సెస్సు కేంద్రం పెట్టెలో. 2017 జాతీయ ఆరోగ్య విధానం, 2025 కల్లా సర్కారు ఖర్చు దేశాదాయంలో రెండున్నర శాతం చేస్తామంది. 2021-22 లెక్కల్లో అది 1.84 దగ్గర ఉంది. అదే ఏడాది మొత్తం వైద్యం ఖర్చులో 39.4 శాతం జనం నేరుగా జేబులోంచి పెట్టుకున్నారు.

ఇక మన జిల్లా. 2022లో దీనికి బాబాసాహెబ్ పేరు కలిపితే అమలాపురంలో ఇళ్లు తగలబెట్టారు. పేరు నిలబడింది. ఇప్పుడు అడగాల్సింది పేరు కింద ఏముందని. 2025 సెప్టెంబరులో రాష్ట్ర మంత్రివర్గం 10 కొత్త వైద్య కళాశాలలని ప్రైవేటు భాగస్వామ్యంలో పెట్టాలని నిర్ణయించింది. అమలాపురం అందులో ఒకటి. ఆ ఆసుపత్రిలో ఉచిత మంచాలెన్ని, డబ్బు మంచాలెన్ని? సీట్లలో మన పిల్లల రిజర్వేషను ఎన్నింటికి, ఆ ఫీజు ఎవరు కడతారు? భూమి ప్రజలది, పేరు అంబేద్కర్ జిల్లాది, గల్లాపెట్టె ఎవరిది? జవాబు రాసిచ్చేదాకా ఈ ప్రశ్నలు ఆపొద్దు.

ఏం చెయ్యాలి?

ఊరికే తిట్టి వెళ్లిపోతే నా జవాబు పూర్తికాదు. నాలుగు పనులు చెప్తాను.

ఒకటి. మీ ఆరోగ్య కేంద్రంలో ఏ మందు ఎంత స్టాకుందో, ఎన్ని రోజులు లేదో సమాచార హక్కు కింద అడగండి. 2005 చట్టం అది. గ్రామ స్థాయిలో రుసుము లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు. దారిద్ర్యరేఖ కింద ఉన్నవాళ్లకి ఎక్కడా లేదు.

రెండు. ఆసుపత్రి అభివృద్ధి కమిటీలో ఎవరున్నారో పేర్లు తెలుసుకోండి. పేట నుంచి ఒక ఆడమనిషి లేకపోతే ఎందుకు లేదో అడగండి.

మూడు. 2013 ఉపప్రణాళిక చట్టం మనం పోరాడి తెచ్చుకున్నది. ఆ నిధుల్లోంచి మీ మండలంలో వైద్యానికి ఎంత పెట్టారో, లంకలకి పడవ అంబులెన్సు, పేటకి ఉపకేంద్రం ఎందుకు రాలేదో రాసి అడగండి. మైదానంలో 5,000 మందికి ఒక ఉపకేంద్రం ఉండాలన్నది సర్కారు సొంత లెక్కే.

నాలుగు. ఇది ఖర్చులేని పని. ధర్మాసుపత్రి అనే మాట ఇవాళ్టి నుంచి మన నోట రాకూడదు. ధర్మం అంటే ఇచ్చినవాడు పైన, పుచ్చుకున్నవాడు కింద. మనం పుచ్చుకున్నవాళ్లం కాదు.

ఆ ముసలమ్మ ఇప్పుడు లేదు. మళ్లీ ఆ కౌంటరు దగ్గర నిలబడే అవకాశం నాకు లేదు. ఉంటే చెప్పేవాణ్ని: అమ్మా, దణ్ణం పెట్టకు. నువ్వు కొన్న సబ్బులో, నీ కొడుకు ఎక్కిన ఆటోలో, నీ మొగుడు తాగిన సీసాలో ఈ మాత్రకి ఎప్పుడో డబ్బు కట్టేశావు. నీకు పది కాదు, ముప్పై రావాలి. మిగతా ఇరవై ఎక్కడని నన్ను అడుగు.

రేపు ఏ కౌంటరు దగ్గర నిలబడినా మీరడగండి. జై భీం.